బండి విడిచే జాగా

మా వూరు మహమ్మద్‌నగర్. పటంలో వెతకబోయేవారు ముందు మంజీర నదిని పట్టుకోవాలి. ఆ నది మీద 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తిచేసిన నిజాంసాగర్ ఆనకట్ట కనిపిస్తుంది. దానికి చేరువలోనే మేము వుంటాము. మొన్న మొన్నటి దాకా మాది నిజాంసాగర్ మండలంలో ఒక గ్రామం. 2022లో మా పేరు మీదనే ఒక మండలం ఏర్పడింది. జిల్లా కామారెడ్డి. అదీ 2016లో నిజామాబాద్ నుంచి వేరుపడి కొత్తకాపురం పెట్టినదే.

ఇన్ని మార్పులు వచ్చినా మా వూళ్ళో మారనిది ఒకటున్నది. ఎవరింటికి ఏ బండి వచ్చినా 'ఎక్కడ పెట్టను?' అని అడిగిన మనిషి లేడు. వేపచెట్టు కింద పెట్టవచ్చు. కల్లంలో పెట్టవచ్చు. వరికోతలు కాని రోజుల్లో ఎవరి గెట్టు పక్కనైనా పెట్టవచ్చు. పెట్టి, తాళంచెవి దానికే వదిలి, రెండు రోజులు మరిచిపోవచ్చు. అటువంటి వూరి నుంచి బయలుదేరి, ఒక శనివారం సాయంత్రం హైదరాబాదులో కచ్చేరికి వెళ్ళిన మా కుటుంబం సంగతి యిది.

వెళ్ళింది నా కోసం కాదు, మా బాపు కోసం. ఆయనకు ఎనభై రెండేళ్ళు. నిజాంసాగర్ కాలువ మీద లష్కరుగా పనిచేసినవాడు. రాత్రివేళ తూముల దగ్గర కాపలా. పక్కన టార్చిలైటు, చేతికర్ర, ఒక చిన్న రేడియో. ఘంటసాల పాటలన్నీ ఆయన అక్కడే విన్నాడు, కాలువ నీటి చప్పుడు తాళంగా. ఇప్పుడు కుడిచెవి పూర్తిగా పోయింది. ఎడమచెవి కూడా ఏడాది కేడాది తగ్గుతున్నదని డాక్టరు చెప్పాడు. చెవికి యంత్రం యిచ్చారు గాని, దానిలో పాట రేకుడబ్బా మీద వాన పడ్డట్టు వినిపిస్తుందని ఆయన ఫిర్యాదు. మాటలకు పెట్టుకుంటాడు, పాటకు తీసేస్తాడు.

ఒకనాడు భోజనాల దగ్గర ఉన్నట్టుండి అన్నాడు: "గింత వయసొచ్చింది గని, ఫిడేళ్ళు ముంగట గూసొని వినలేదురా. అన్ని రేడియోలనే."

ఆ మాట మియాపూర్‌లో వుంటున్న మా మేనల్లుడి చెవిని పడింది. వాడు సాఫ్టువేరు వుద్యోగి. వారం తిరగకుండా అయిదు టిక్కెట్లు కొని ఫోను చేశాడు. "మామయ్యా, పాత సినిమా పాటల కచ్చేరి. ముప్ఫయి మంది వయొలిన్లు వాయిస్తారట. మొదటి సగం అంతా పాతపాటలే. మీరు వచ్చేయండి, హాలు దగ్గర కలుస్తాను" అన్నాడు. హాలు పేరు చెప్పి దానిని అల్లరి పెట్టడం నాకిష్టం లేదు. నగరంలో పశ్చిమ దిక్కున వున్న ఒక పెద్ద హాలు అనుకోండి.

ఒంటిగంటకు బయలుదేరాము. నేను, మా ఆవిడ, అమ్మాయి, వెనక సీటులో ఎడమచెవి కిటికీ వైపు పెట్టుకుని బాపు. ఎల్లారెడ్డి దాటాక పోచారం చెరువు వస్తుంది. ఒకప్పుడు నిజాము వేటాడిన అడవి, ఇప్పుడు జింకలకు అభయారణ్యం. ఆ తరవాత మెదక్, ఆ వూరి చర్చి శిఖరం. 1924లో ప్రతిష్ఠ జరిగిన ఆ దేవాలయం ముందు ఆగి చూడవలసిందే కాని, ఆనాడు ఆగలేదు. నర్సాపూర్ అడవిలో మాత్రం అమ్మాయి పట్టుబట్టడం వల్ల కోతుల కోసం పది నిమిషాలు ఖర్చుపెట్టాము. గండిమైసమ్మ చేరేసరికి అయిదు కూడా కాలేదు. కచ్చేరి ఆరున్నరకు. నన్ను నేను మెచ్చుకున్నాను. వందకు పైగా కిలోమీటర్లు అంత సుఖంగా వచ్చినవాడికి, చివరి కిలోమీటరు ఒక జీవితమంత వుంటుందని ఎలా తెలుస్తుంది?

హాలు గేటు ఆరు దాటి పది నిమిషాలకు కనిపించింది. ఫోనులో దారి చెప్పే అమ్మాయి 'మీరు గమ్యస్థానం చేరుకున్నారు' అని ప్రకటించి వూరుకున్నది. గేటు మీద అట్ట వేలాడుతున్నది: 'పార్కింగు నిండినది.' దాని కింద నిలబడ్డ మనిషి చేతిని గాలిపటం తోకలా వూపుతూ అందరినీ ముందుకు తోలేస్తున్నాడు. 'ముందుకు' అంటే ఎక్కడికని అడిగితే, "ఆగే, ఆగే" అన్నాడు. ముందుకు వెళ్ళాము.

మొదటి సందులో ప్రతి యింటి గేటుకూ ఒక పలక: 'ఇచ్చట వాహనములు నిలుపరాదు. నిలిపినయెడల గాలి తీయబడును.' మా అమ్మాయి వరసగా పదకొండు లెక్కపెట్టింది. గ్రాంథిక భాష ఎక్కడ బతికి వున్నదని పండితులు విచారపడనక్కరలేదు. హైదరాబాదు గేట్ల మీద క్షేమంగా వున్నది. రెండో సందులో ఒక ఖాళీ కనిపించింది. సంతోషంగా ముందుకు పోనిచ్చేసరికి అక్కడ ఒక స్కూటరు పడుకుని వున్నది. మూడో సందు చివర గోడ. అక్కడి నుంచి వెనక్కు రావడానికి పన్నెండు నిమిషాలు, ఇరవై హారన్లు.

"ఏందిరా, గింత పెద్ద పట్నంల మన బండి ఇడ్సే జాగ లేదా?" అన్నాడు బాపు. ఆయనకు నిజంగా ఆశ్చర్యమే, ఎగతాళి కాదు.

ఆరూ నలభైకి ఒక ఫంక్షన్ హాలు ముందుకు వచ్చాము. దీపాల తోరణాలు, సన్నాయి, లోపల విశాలమైన ఆవరణ, అందులో కనీసం పది కార్లకు ఖాళీ! గేటు దగ్గర పట్టుపంచె కట్టిన పెద్దమనిషి మా ఆవిడ పట్టుచీర చూశాడు, అమ్మాయి జడలో పూలు చూశాడు, వెనకసీటులో తెల్లతలపాగా చూశాడు. చేతులు జోడించి, "రండి రండి. పెండ్లికొడుకు తరఫా, పెండ్లికూతురు తరఫా?" అన్నాడు.

పాఠకులు నన్ను క్షమించాలి. 'పెండ్లికూతురు' అనే మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. ఇంతలో వెనక నుంచి బాపు కిటికీలోంచి తల బయటపెట్టి, "మేం పెండ్లికి రాలే బిడ్డా. పాటల కచ్చేరికి వచ్చినం. బండి ఇడ్సే జాగ జూస్తున్నం" అన్నాడు.

జోడించిన చేతులు విడిపోయాయి. గేటు మూసుకున్నది. మా ఆవిడ నా వైపు చూసి, మెల్లగా, "మామకు అబద్ధం అలవాటు లేదు గదా" అన్నది. నాకు వున్నదని అర్థం కాబోలు.

చివరకు చోటు దొరికింది. ఒక ఖాళీ ప్లాటు. చుట్టూ రేకుల దడి, ఒకే ఒక దారి. ఈలలు వేస్తున్న కుర్రవాళ్ళు ఇద్దరు. "అన్నా, రెండువందలు. రివర్స్, రివర్స్, బస్ బస్!" చేతిలో ఒక చీటీ పెట్టారు. దాని మీద మూడే మాటలు: 'మాది బాధ్యత కాదు.' ఆ చీటీని యిప్పటికీ దాచుకున్నాను. ఇంత నిజాయితీగల రసీదు నాకు మరెక్కడా దొరకలేదు.

అక్కడి నుంచి హాలు కిలోమీటరు పైచిలుకు. అంత దగ్గరికి రానని ఆటోవాళ్ళు అన్నారు. అంత దూరం నడవలేనని బాపు మోకాళ్ళు అన్నాయి. రెండు చోట్ల దుకాణాల మెట్ల మీద కూర్చోబెట్టి, నీళ్ళు పట్టించి తీసుకువెళ్ళాను. దారిలో పేవ్‌మెంటు మీద కూడా కార్లే నిలబడి వున్నాయి కనుక, ముసలాయనను రోడ్డు మీద నడిపించవలసి వచ్చింది. మా మేనల్లుడు తలుపు దగ్గర టిక్కెట్లు పట్టుకుని, ఏడుపు మొహం పెట్టుకుని నిలబడి వున్నాడు. గడియారంలో ఏడూ నలభై అయిదు. పాట మధ్యలో తలుపు తెరవరట. పాతపాటల్లో ఆఖరిది నడుస్తున్నది. మూసిన తలుపుకు ఎడమచెవి ఆనించి బాపు ఆ పాట విన్నాడు. చెవిలో యంత్రం లేదు. ముందే తీసి జేబులో వేసుకున్నాడు. ముప్ఫయి వయొలిన్లూ ఆ తలుపుకు అవతల వున్నాయి.

విరామం తరవాత అన్నీ కొత్తపాటలు. పెద్ద పెద్ద డప్పులు, పొగ, రంగుల దీపాలు. ఎలా వుంది బాపూ అని అడిగితే, "బాగనే ఉన్నది" అన్నాడు. ఆయన ఆ మాట అన్నాడంటే బాగాలేదని మా యింట్లో అందరికీ తెలుసు.

అసలు కథ కచ్చేరి అయిపోయిన తరవాత వున్నది. రాత్రి పది దాటాక ప్లాటుకు తిరిగి వచ్చాము. సుమారు మూడువందల కార్లు, ఒక్క దారి. అందరూ ఒకేసారి యంత్రాలు మొదలుపెట్టారు. ఈలల కుర్రవాళ్ళు ఎప్పుడో మాయమయ్యారు. గంటా పది నిమిషాలు మేము ఒక తెల్లకారు వెనకభాగాన్ని చూస్తూ కూర్చున్నాము. అప్పుడు బాపు, ముప్ఫయి ఏళ్ళు నీళ్ళు తిప్పిన మనిషి, మొట్టమొదటిసారి ఆ రాత్రి మీద తన అభిప్రాయం చెప్పాడు.

"చెరువు బాగనే తవ్విండ్రు. తూమే ఒక్కటి పెట్టిండ్రు."

కాస్సేపు ఆగి, దారి అవతల కదలకుండా నిలిచిన రోడ్డును చూపించాడు. "అటు జూడు. కాలువ నిండుగ ఉన్నది. కాలువ నిండి ఉంటే తూము ఎత్తినా నీళ్ళు పోవు. ముందుగాల కాలువ తగ్గాలె."

ఇంటికి వచ్చి ఆ మాట మీద కాగితం, కలం తీసుకుని కూర్చున్నాను. ఒక కారు నిలవడానికి రెండున్నర మీటర్ల వెడల్పు, అయిదు మీటర్ల పొడవు కావాలి. అంటే పన్నెండున్నర చదరపు మీటర్లు, మన లెక్కలో పదిహేను గజాలు. లోపలికి వచ్చి పోయే దారులతో కలిపితే దానికి రెట్టింపు. అయిదువేల మంది వచ్చే కచ్చేరికి, కారుకు నలుగురు చొప్పున వచ్చారనుకున్నా, పన్నెండువందల యాభై కార్లు. వాటికి కావలసిన నేల దాదాపు ఎనిమిదెకరాలు! మా కాలువ కింద ఎకరానికి పాతిక క్వింటాళ్ళు పండుతాయనుకుంటే, రెండువందల క్వింటాళ్ళ వడ్లు పండే నేల మూడుగంటల సేపు కార్లను మోయాలి. ఇక బయటకు పోవడం: అయిదు సెకన్లకు ఒక కారు చొప్పున గేటు దాటినా, అందరూ వెళ్ళడానికి గంటా నలభై నాలుగు నిమిషాలు. రెండు గేట్లయితే యాభై రెండు నిమిషాలు. బాపు కాగితం లేకుండా చెప్పినదే నేను కాగితం మీద కనుక్కున్నాను. మనమంతా 'ఎక్కడ పెట్టాలి?' అని వెతుకుతాము. 'ఎట్లా బయటపడాలి?' అనేది ముందు అడగవలసిన ప్రశ్న.

ఈ బాధ మన ఒక్కరిదే కాదు. అమెరికాలో ఒక్లహామా నగరంలో 1935 జూలైలో ప్రపంచంలో మొదటి పార్కింగు మీటరు నిలబెట్టారు. గంటకు అయిదు సెంట్లు. లాస్ ఏంజిలస్‌లో ఆచార్యుడుగా వుండి 2025లో మరణించిన డొనాల్డ్ షూప్ అనే ఆయన జీవితమంతా యీ ఒక్క విషయం మీదనే పరిశోధన చేశాడు. 1927 నుంచి 2001 వరకు వేర్వేరు నగరాలలో జరిగిన అధ్యయనాలను ఆయన కూర్చి చూస్తే, రద్దీ వేళల్లో కారుకు చోటు వెతకడానికి సగటున ఎనిమిది నిమిషాలు పడుతున్నదనీ, రోడ్డు మీద తిరిగే కార్లలో నూటికి ముప్ఫయి చోటు కోసమే తిరుగుతున్నాయనీ తేలింది. ఎనిమిది నిమిషాలట! ఆయన మా సందులోకి రాలేదు. జపానువారు మరీ ఘనులు: కారు నిలుపుకోవడానికి చోటు వున్నదని రుజువు చూపించనిదే కారు సొంతం కాకుండా 1962లోనే చట్టం చేశారు. అటువంటి చట్టం మనకూ వస్తే మా వూరివాళ్ళంతా కార్లు కొనుక్కోవచ్చు, హైదరాబాదువాళ్ళు చాలామంది ఎడ్లబండ్లకు తిరిగి రావలసి వుంటుంది.

చెన్నైలో 2023 సెప్టెంబరు 10న జరిగిన ఎ.ఆర్. రెహమాన్ కచ్చేరి సంగతి పత్రికల్లో చదివే వుంటారు. సముద్రం ఒడ్డు రోడ్డు మీద బండ్లు నిలిచిపోయి, టిక్కెట్లు కొన్నవాళ్ళు కూడా లోపలికి పోలేక వెనక్కు తిరిగారు. చివరకు ఆయనే టిక్కెట్ల డబ్బు తిరిగి యిప్పిస్తామని ప్రకటించవలసి వచ్చింది. మహా కచ్చేరీలు నగరం వదిలి పారిపోతున్నది యిందుకే అని నా అనుమానం. 2025 ఫిబ్రవరిలో ఎడ్ షీరన్ అనే ఆంగ్ల గాయకుడు హైదరాబాదు వస్తే, పాడింది నగరంలో కాదు, ఎక్కడో విజయవాడ రోడ్డు మీది రామోజీ ఫిల్మ్‌సిటీలో. పాటకు కాదు, కార్లకే అంత నేల!

హైదరాబాదుకు మాత్రం పార్కింగు కొత్తా? 1687లో గోల్కొండను ముట్టడించిన ఔరంగజేబు సైన్యం మకాం వేసిన చోటే, గెలిచాక ఫతేమైదాన్ అయిందంటారు. ఎనిమిది నెలలు ఏనుగులు, గుర్రాలు, ఒంటెలు, ఫిరంగి బండ్లు! ఎవరూ గాలి తీయలేదు. ఆ మైదానంలోనే యిప్పుడు లాల్‌బహదూర్ స్టేడియం వున్నది. అక్కడ సభ జరిగిన రోజున బషీర్‌బాగ్‌లో ఒక స్కూటరుకు చోటు సంపాదించడం కోట గెలిచినంత పని. నాంపల్లి నుమాయిష్ రోజుల్లోనూ అంతే. ఏటా జనవరి 1న మొదలయ్యే ఆ ప్రదర్శన 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో పుట్టి, 1946లో యిప్పటి మైదానానికి వచ్చింది. ఆనాడు జనం టాంగాలలో వచ్చేవారు. టాంగాకున్న గొప్పగుణం ఏమంటే, మనలను దించి తన దారిన తాను పోతుంది.

ఇలా నేను పుస్తకాల విజ్ఞానం ఒలకబోస్తూంటే బాపు ఒకనాడు తన సంగతి చెప్పాడు. ఆయన చిన్నతనంలో మా చుట్టుపట్ల చిందు బాగోతం ఆడేవారు. రాత్రి మొదలైతే తెల్లవార్లూ ఆట. చిందుల ఎల్లమ్మ పేరు మా నిజామాబాద్ ప్రాంతంలో తెలియని యిల్లు లేదు. ఆమె 2005లో పోయింది. ఆట వున్నదని తెలిస్తే చుట్టూ పది వూళ్ళ నుంచి బండ్లు, కచ్చురాలు వచ్చేవట. ఆడవాళ్ళు, పిల్లలు, సద్దిమూటలు, ఎడ్లకు గడ్డి అన్నీ అందులోనే.

"మరి అన్ని బండ్లు ఎక్కడ పెట్టేవాళ్ళు తాతా?" అని మా అమ్మాయి అడిగింది.

"చెరువు కట్ట కింద, బిడ్డా. కావల్కారి కట్టె పట్టుకొని నిలవడుతుండె. యే ఊరు? అని అడుగుతడు. దూరపు ఊరోళ్ళ బండి తొవ్వ పక్కకు. దగ్గరి ఊరోళ్ళది లోపటికి. నొగలన్ని తొవ్వ దిక్కే ఉండాలె. తెల్లారంగ దూరపోళ్ళు ముందు పోతరు, దగ్గరోళ్ళు ఎనక. ఎడ్ల మెడల గంటలు తప్ప లొల్లి లేకుండె."

ముందు దూరపువాళ్ళు! నేను కాగితం పక్కన పెట్టాను. నొగలు రోడ్డు వైపు వుండాలనడం, మనం కారును వెనక్కు తిప్పి నిలపడం ఒకటే. ఆ కావలికారికి చదువు రాదు, ఈల లేదు, చీటీ లేదు. కాని బండి లోపలికి వచ్చేటప్పుడే అది బయటకు పోయే సంగతి ఆలోచించాడు. మా ప్లాటు కుర్రవాళ్ళలో ఒక్కడు 'అన్నా, ఏ వూరు?' అని అడిగి వుంటే, తెల్లవారుజామున మూడింటికి మేము యిల్లు చేరే అవస్థ వుండేది కాదు.

బాపు ఫిడేళ్ళ బాకీ అలాగే వుండిపోయింది. ఆయన మళ్ళీ ఎత్తలేదు. ఎత్తకపోవడమే నన్ను వేధించింది. ఎడమచెవి దగ్గరికి వెళ్ళి మాట్లాడవలసిన దూరం అప్పటికే ఒక అడుగు తగ్గింది. రెండు నెలల తరవాత రవీంద్రభారతిలో వయొలిన్ కచ్చేరి వున్నదని మేనల్లుడు కబురుచేస్తే, యీసారి టిక్కెట్ల కంటె ముందు దారి ఆలోచించాను.

రవీంద్రభారతి టాగూరు శతజయంతి సంవత్సరం 1961లో ప్రారంభమైన మందిరం. సైఫాబాదులో, శాసనసభకు ఎదురుగా అన్నట్టే వున్నది. సుమారు వెయ్యిమంది పట్టే హాలు. కట్టిన రోజుల్లో శ్రోతలు బస్సుల్లో, రిక్షాల్లో, సైకిళ్ళ మీద వచ్చేవారు కనుక, వెయ్యిమందికీ వెయ్యి కార్లుంటాయని ఎవరూ కలగనలేదు. అక్కడికి కారులో వెళ్ళి చోటు దొరకలేదని ఆ మందిరాన్ని నిందించడం, మా తాత కట్టిన యింట్లో కారుషెడ్డు లేదని తాతను తిట్టినట్టు.

మేము కారును మియాపూర్‌లో విడిచిపెట్టాము. మెదక్ రోడ్డున వచ్చేవారికి యిది అన్నివిధాలా అనుకూలం: గండిమైసమ్మ దగ్గర బాచుపల్లి వైపు తిరిగితే, నగరంలోకి దిగకుండానే మియాపూర్ మెట్రోస్టేషను చేరవచ్చు. హైదరాబాదు మెట్రోరైలు మొదట నడిచింది 2017 నవంబరులో, యీ మియాపూర్ నుంచే. మరుసటి సంవత్సరం సెప్టెంబరుకు ఎల్.బి. నగర్ దాకా యీ మార్గం పూర్తయింది. స్టేషను దగ్గర కార్లు నిలపడానికి చోటున్నది, రుసుము తీసుకుంటారు. లిఫ్టు వున్నది కనుక మోకాళ్ళకు పనిలేదు. మధ్యలో బండి మారనక్కరలేదు. కూకట్‌పల్లి, ఎర్రగడ్డ, అమీర్‌పేట, పంజాగుట్ట, ఖైరతాబాదు, ఆ తరవాత లక్డీకాపూల్. అక్కడ దిగినా సరే, తరవాతి అసెంబ్లీ స్టేషనులో దిగినా సరే, రవీంద్రభారతి నడక దూరమే. ఒక్క జాగ్రత్త: రాత్రి ఆఖరి రైలు వేళ మారుతూ వుంటుంది. ఎక్కేటప్పుడే స్టేషనులో అడిగి తెలుసుకోవాలి. లేకపోతే కారు మియాపూర్‌లో, మనం లక్డీకాపూల్‌లో జాగారం.

మరో వుపాయం మా మేనల్లుడు చెప్పాడు: దగ్గరలో ఏదైనా పెద్ద షాపింగు మాలులో కారు పెట్టి, ఏదో ఒకటి కొనుక్కుని రావడం. 2018లో తెలంగాణ ప్రభుత్వం చేసిన నియమం ప్రకారం మాళ్ళలో మొదటి అరగంట రుసుము లేదు. అయితే కచ్చేరి అరగంటలో అయిపోదు. మా ఆవిడను మాలులోకి పంపితే పార్కింగు డబ్బు మిగిలి, మిగతా డబ్బంతా పోతుంది. ఆ వుపాయాన్ని గౌరవంగా పక్కన పెట్టాము.

రైలు ఎర్రగడ్డ దాటుతూంటే కింద రోడ్డు మీద కార్ల దీపాలు ఎర్రటి వరసగా నిలబడి కనిపించాయి. బాపు కిటికీకి ముక్కు ఆనించి చాలాసేపు చూశాడు. "కాలువ నిండిందిరా" అన్నాడు, లష్కరు తన పై అధికారికి చెప్పినట్టు.

కచ్చేరికి నలభై నిమిషాల ముందే చేరాము. తీరికగా టీ తాగాము. బాపు రెండో వరుసలో, వేదికకు కుడివైపు చివర సీటు ఎంచుకున్నాడు. ఎడమచెవి వేదిక వైపు వుండాలి గదా. చెవియంత్రం తీసి చేతిరుమాలులో చుట్టి జేబులో వేసుకున్నాడు. వయొలిన్ శ్రుతి చేసుకుంటున్నప్పుడే ఆయన కళ్ళు మూసుకున్నాడు. తరవాత రెండు గంటలూ కళ్ళు తెరవలేదు. నిద్రపోయాడేమోనని అమ్మాయికి భయం వేసి చెయ్యి తాకింది. వేళ్ళు తాళం వేస్తున్నాయి. ముప్ఫయి వయొలిన్లు కావు, ఒక్కటే. సినిమాపాటలు కావు, శాస్త్రీయం. ఆయనకు రాగాల పేర్లు తెలియవు. మధ్యలో మృదంగం ఆగి, వయొలిన్ ఒక్కటే సన్నగా చాలాసేపు నడిచినప్పుడు మాత్రం, "నీళ్ళ మీద గాలి పోతున్నట్టున్నది" అని నాతో గుసగుసగా అన్నానని ఆయన అనుకున్నాడు. ముందు రెండు వరుసలకూ వినిపించింది. ఎవరూ విసుక్కోలేదు.

మియాపూర్‌లో దిగి కారు తీసేసరికి పదిన్నర కూడా కాలేదు. నర్సాపూర్ అడవి చీకట్లో నిద్రపోతున్నది. మెదక్ దాటాక అమ్మాయి నిద్రపోయింది, ఎల్లారెడ్డి దగ్గర మా ఆవిడ. బాపు మేలుకునే వున్నాడు. ఏదో కూనిరాగం, మధ్య మధ్య ఆగి మళ్ళీ మొదటినుంచి.

ఇంటి ముందు కారు ఆపాను. దిగి తలుపు తీయబోతూంటే, ఆయన టార్చిలైటు పట్టుకుని అప్పటికే వేపచెట్టు కింద నిలబడి వున్నాడు. "తిప్పి పెట్టురా. ముంగటి దిక్కు తొవ్వకుండాలె" అన్నాడు. నేను వెనక్కు నడిపాను. చుట్టూ నాలుగు బండ్లు పట్టే ఖాళీ. అయినా ఆయన దీపం అటూ ఇటూ వూపుతూనే వున్నాడు. "రానియ్... రానియ్... జర ఎడమకు... రానియ్... బస్."